మా రోజుల్లో రేటు మా ఎదుటే తేలేది

అనంతపురం మార్కెట్ యార్డులో శెనక్కాయ కుప్ప చుట్టూ పదిమంది కొనేవాళ్లు నిలబడితే దాన్ని మేం పోటీ అనేవాళ్లం. ముగ్గురే నిలబడ్డారంటే ఆ పూట ధర పడినట్టే. అది తెలియడానికి రైతుకు నిపుణులు అక్కర్లేదు, సదస్సులు అక్కర్లేదు. కుర్రతనంలో మండీలో గుమాస్తాగా చీటీలు రాసినవాణ్ణి కాబట్టి ఈ మాట ధైర్యంగా చెబుతున్నాను.

అంతకుముందు, మా నాయన కాలంలో బేరం తువ్వాలు కింద జరిగేది. దళారీ, కొనే సేటూ చేతుల మీద గుడ్డ కప్పుకుని వేళ్లు పట్టుకుని ధర తేల్చుకునేవాళ్లు. సరుకు తెచ్చిన రైతు పక్కనే నిలబడి ఉన్నా, తన పంట ఎంతకు పోయిందో చివరికి గానీ తెలిసేది కాదు. పైన తరుగు, దస్తూరి, ధర్మం, నమూనా అంటూ ఎవరికి తోచిన కోత వాళ్లు కోసేవాళ్లు. ఈ గుడ్డ తీయించడానికే 1933లో మద్రాసు ప్రభుత్వం వాణిజ్య పంటల మార్కెట్ల చట్టం చేసింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక 1966లో మన మార్కెట్ల చట్టం వచ్చింది. ఈరోజు పెద్దలు నియంత్రణ అని పిలిచేదాన్ని నేను మొదట చూసింది ఆ యార్డులోనే.

ఎలా ఉండేదో చెబుతాను. కొనేవాళ్లు కుప్పలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి అడుగు నుంచి గుప్పెడు తీసేవాళ్లు. పైకాయ ఎప్పుడూ బాగానే ఉంటుంది, అడుగుకాయే అసలు సంగతి చెబుతుంది. చెవి దగ్గర గలగలలాడించి, బొటనవేలితో ఒలిచి, పప్పు ముడతలు పడిందా బూజు పట్టిందా చూసి, పళ్ల మధ్య కొరికి తడి ఎంతుందో పట్టేసేవాళ్లు. తర్వాత కొన్ని కాయలు తూచి, ఒలిచి, పప్పు తూచి, ఎంత దిగుతుందో లెక్క కట్టేవాళ్లు. ఆ లెక్క తప్పనిపిస్తే రైతు అక్కడే గొంతెత్తేవాడు. కమిటీ సెక్రటరీ గదిలోంచి బయటికొచ్చి మళ్లీ తూయించేవాడు. రూలు అమలు చేసేవాడు, దాన్ని తప్పినవాడు, నష్టపోయినవాడు ముగ్గురూ ఒకే రేకుల షెడ్డు కింద ఉండేవాళ్లు. జగడం మధ్యాహ్నానికల్లా తేలిపోయేది. నాకు కావలసింది ఆ షెడ్డు. ఇప్పుడు అది ఎక్కడుంది?

ఈమధ్య ఆర్థిక నియంత్రణ, పోటీ విధానం మీద నిపుణుల సదస్సు ఉందంటే ఒక పెద్ద హోటలుకు వెళ్లాను. మెడలో కార్డు వేశారు. తెర మీద గీతలు, పటాలు, అంతా ఇంగ్లిష్. వినియోగదారుల సంక్షేమం గురించి పొద్దంతా మాట్లాడారు, ఆ హాల్లో బిల్లు కట్టే రైతు ఒక్కడు లేడు. ప్రశ్నలు చీటీ మీద రాసి ఇమ్మన్నారు. తెలుగులో రాసిచ్చాను. టైం అయిపోయిందన్నారు. అంత చదువుకున్నవాళ్లు ఒక చీటీ చదవలేకపోయారని నాకు ఇప్పటికీ కోపంగానే ఉంది.

ఆ చీటీలో అడిగింది చిన్న సంగతే. మా కుప్ప చుట్టూ కొనేవాళ్లు ఎందుకు తగ్గారు? 1994లో పామాయిల్ దిగుమతికి తలుపులు తెరిచారు. అప్పుడు 65 శాతం ఉన్న సుంకం 1998కి 15 శాతానికి దిగింది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకం లేని నేల మాది. ఇక్కడ శెనక్కాయ తప్ప వేరే పంట పెట్టే దారి చాలామందికి లేదు. మలేసియా నూనెతో పోటీ పడమని ఈ రైతుకు చెప్పేముందు అతన్ని ఎవరైనా పిలిచి అడిగారా? నూనె మిల్లులు ఒకటొకటే మూతపడ్డాయి. మిల్లు మూతపడితే కుప్ప దగ్గర ఒక మనిషి తగ్గినట్టు.

ఇక సిమెంటు. పర్మిట్ కోసం ఆఫీసుల చుట్టూ తిరిగిన రోజులు నాకు గుర్తున్నాయి, అవి మళ్లీ రావాలని ఎవరూ కోరరు. 1982లో కొంత, 1989లో పూర్తిగా ధర మీద అదుపు ఎత్తేశారు. కంపెనీలు పోటీ పడి అమ్ముతాయన్నారు. 2010లో బిల్డర్స్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా ఫిర్యాదు మీద కాంపిటీషన్ కమిషన్ విచారణ జరిపి, పదకొండు కంపెనీలు, వాటి సంఘం ధరల మీద కూడబలుక్కున్నాయని 2012 జూన్‌లో తేల్చింది. ఆరు వేల కోట్లకు పైగా జరిమానా వేసింది. ఆ పదకొండులో మా తాడిపత్రి దగ్గర ఫ్యాక్టరీ ఉన్న అల్ట్రాటెక్ ఒకటి. 2015 డిసెంబరులో అప్పీలు ట్రిబ్యునల్ ఆ తీర్పు కొట్టేసింది. వాదనలు వినని ఛైర్మన్ తీర్పు మీద సంతకం పెట్టారన్నది కారణం. కమిషన్ మళ్లీ మొదటినుంచీ విని 2016లో మళ్లీ జరిమానా వేసింది. 2018లో అప్పీలు ట్రిబ్యునల్ దానికి సరేనంది. కంపెనీలు సుప్రీంకోర్టుకెక్కాయి.

వినకుండా తీర్పు చెప్పకూడదన్నది న్యాయమైన మాటే. నేను కాదనను. కానీ ఆ న్యాయం కంపెనీకి దక్కినట్టు బస్తా కొన్నవాడికి దక్కాలి కదా? కమిషన్‌కు ఫిర్యాదు చేయాలంటే మామూలు మనిషి 5,000 రూపాయల రుసుము కట్టాలి. జరిమానా వసూలైనా అది కేంద్ర ఖజానాకే చేరుతుంది. ఎక్కువ పోసి కొన్నవాడు పరిహారం కావాలంటే ట్రిబ్యునల్‌లో విడిగా అర్జీ పెట్టుకోవాలి. రెండు గదుల ఇల్లు కట్టుకున్న ఉరవకొండ కూలీ ఆ అర్జీ పెడతాడా?

పోనీ కంపెనీలైనా పెరిగాయా అంటే, 2024లో మా తాడిపత్రి పక్కన తలారిచెరువులో ఫ్యాక్టరీ ఉన్న పెన్నా సిమెంట్‌ను అదానీల అంబుజా కొన్నది. పక్కన కడప జిల్లా చిలంకూరు ప్లాంటు ఉన్న ఇండియా సిమెంట్స్ అదే ఏడాది చివర అల్ట్రాటెక్ చేతికి వెళ్లింది, కమిషన్ అనుమతితోనే. సున్నపురాయి మాది, దుమ్ము మాది, ధర నిర్ణయించే చేతులు మాత్రం ఏడాదికేడాది తగ్గుతున్నాయి. వీటిమీద అనంతపురంలో ఒక్క పూట బహిరంగంగా మాట్లాడుకున్నా నేను పొద్దున్నే వెళ్లి ముందు కూర్చునేవాణ్ణి.

కరెంటు సంగతిలో నాకు ఇంకా బాధ. ఎన్టీఆర్ హయాంలో మోటారు హార్స్‌పవర్‌కు ఏడాదికి 50 రూపాయలు. ఆ రేటు మంత్రివర్గంలో తేలేది, నచ్చకపోతే ఓటుతో చెప్పేవాళ్లం. 1998 సంస్కరణల చట్టం తర్వాత 1999లో ఆ రేట్లు తేల్చే విద్యుత్ నియంత్రణ మండలి వచ్చింది. 2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో చార్జీల మీద ఉద్యమం చేసినవాళ్లపై కాల్పులు జరిగి ముగ్గురు పోయారు. అంత జరిగినా, మండలి పెట్టిన బహిరంగ విచారణలను నేను మెచ్చుకున్నాను. కరెంటు పంపిణీ చేసే డిస్కంల లెక్కల మీద అభ్యంతరం చెప్పే హక్కు మామూలు జనానికి చట్టం ఇచ్చింది. ఎం. వేణుగోపాలరావు లాంటి జర్నలిస్టులు, ఎం. తిమ్మారెడ్డి లాంటివాళ్లు ఏటేటా వందల పేజీలు చదివి అభ్యంతరాలు రాశారు. వాళ్లకు ఈ రాష్ట్రం రుణపడి ఉంది. కానీ ఆ పేజీలు ఇంగ్లిష్‌లో ఉన్నాయి, విచారణ ఎక్కడో దూరపు ఊళ్లో. పైగా 2023 నుంచి ఇంధన సర్దుబాటు కింద యూనిట్‌కు 40 పైసల దాకా ముందుగా విచారణ లేకుండానే నెలనెలా బిల్లులో వేసుకునే వీలు ఇచ్చారు. బిల్లు వచ్చాకే ఆ పైసలు మన కంటపడతాయి. మా నాయన కాలంలో తువ్వాలు కప్పినవాళ్లు దళారీలు, ఇప్పుడు కప్పుతున్నది రూలే.

నిపుణులకు నేను అడ్డం కాదు. వాళ్లు చదివిన చదువు మాకు కావాలి. హోటలు మాని కళ్యాణదుర్గం యార్డుకు రండి. శెనక్కాయ అమ్మకాలు నడిచే రోజుల్లో, షెడ్డులో, మైకు పెట్టి, పత్రాలు వారం ముందే తెలుగులో పంచి మాట్లాడండి. తాడిపత్రిలో తయారైన బస్తా మా ఊరి దుకాణానికి చేరేసరికి తయారీ ఖర్చు ఎంత, రవాణా ఎంత, లాభం ఎంత, పక్కపక్క కంపెనీల ధరలు ఒకే వారంలో ఎందుకు కదులుతాయో అక్కడ నన్ను అడగనివ్వండి.