సముద్రపు ఒడ్డున సీమోను ఇల్లు

బైబిలు దేశానికి చదువుకోవడానికి వెళ్లి, అక్కడ మా తాత బతుకుతో సంబంధం ఉన్న ఒకే ఒక్క గుమ్మం ముందు నోరు మెదపకుండా నిలబడి వచ్చేశాను. ఆ రోజు నాకు తెలిసిన నాలుగు మాటలు చెప్పి ఉంటే చాలు. చెప్పలేదు. పైగా అబద్ధం ఆడాను. ఎందుకలా చేశానో తేల్చుకోకుండా ఆ చదువు పూర్తయిందని అనుకోలేను. అందుకే ఇది రాస్తున్నాను.

మాది ప్రకాశం జిల్లా. మూడు తరాలుగా బాప్టిస్టులం. కపెర్నహూము, బేత్సయిదా, కైసరయ, యొప్పే అనే పేర్లు మా పక్క ఊళ్ల పేర్లకంటే ముందే నాకు నోటికి వచ్చాయి. హైఫాలో ఒక విశ్వవిద్యాలయంలో ఒక సెమిస్టరు చదివే అవకాశం వచ్చినప్పుడు మా సంఘంలో నా కోసం ప్రత్యేక ప్రార్థన పెట్టారు. ఇది 2023 అక్టోబరు యుద్ధానికి ముందు సంగతి. కోర్సు పురావస్తు శాస్త్రం. తరగతి గదిలో కూర్చోవడం తక్కువ, బస్సెక్కి శిథిలాల దగ్గరికి పోవడం ఎక్కువ.

మొదటి పొరపాటు బయలుదేరకముందే చేశాను. యేసు నడిచిన చోట్లన్నీ ఫోన్లో ఒక జాబితాగా రాసుకున్నాను. అందులో ఉన్నవి పవిత్రం, లేనివి చరిత్ర. ఈ లెక్కన సముద్రతీరం మొత్తం కొట్టుకుపోయింది. కైసరయలో గాని, యొప్పేలో గాని, అక్కోలో గాని ఆయన అడుగుపెట్టినట్టు సువార్తల్లో లేదు. కాబట్టి తీరం వైపు బస్సు కదిలినప్పుడల్లా నాకు అది యెరూషలేము వచ్చేదాకా కాలక్షేపంగానే అనిపించేది.

ఆ లెక్కతోనే కైసరయ చూశాను. చూశాను అనడం కూడా తప్పే. హేరోదు రాజు క్రీస్తు పూర్వం 22 ప్రాంతంలో మొదలుపెట్టి పదేళ్లకు పైగా కట్టించిన ఓడరేవు అది. సహజమైన అఖాతం లేని తీరంలో, నేరుగా సముద్రంలోకి గోడలు తోసి కట్టారు. ఇటలీలో నేపుల్స్ సముద్రతీరం నుంచి అగ్నిపర్వతపు బూడిదను ఓడల్లో తెప్పించి, సున్నంలో కలిపి, నీళ్లలో దించిన చెక్క చట్రాల్లో పోశారు. ఆ మిశ్రమం ఉప్పునీళ్లలోనే గట్టిపడుతుంది. మా మేడమ్ ఇదంతా ఒడ్డున నిలబడి, గాలికి కాగితాలు ఎగిరిపోతుంటే గట్టిగా పట్టుకుని చెప్పుకొచ్చింది. నేను రంగస్థలం మెట్ల మీద నీడ చూసుకుని కూర్చున్నాను. 1961లో ఆ రంగస్థలంలోనే, ఎప్పుడో మెట్టుగా వాడేసిన రాయి మీద పొంతి పిలాతు పేరు దొరికింది. అసలు రాయి యెరూషలేము మ్యూజియంలో ఉంది, అక్కడ పెట్టింది నకలు. నేను నకలుకి ఫొటో తీసి అమ్మకు పంపి, ఆ రోజు పని అయిపోయింది అనుకున్నాను.

గలిలయలో, యెరూషలేములో నా జాబితా నిండింది. కపెర్నహూములో నల్లరాతి పునాదుల మీద లేచిన తెల్లరాతి సమాజమందిరం చూశాను. అది క్రీస్తు శకం నాలుగు, ఐదు శతాబ్దాల నాటిదని తెలిసి నిరుత్సాహపడ్డాను. 1986లో గలిలయ సరస్సు నీటిమట్టం తగ్గినప్పుడు బురదలోంచి బయటపడ్డ, యేసు కాలపు పడవను గినోసర్‌లో చూశాను. యెరూషలేములో యేసు సమాధి మందిరంలో జనం తోపులాట మధ్య నిలబడి, నాలో ఏమీ కదలడం లేదేమిటని భయపడ్డాను. నా విశ్వాసంలోనే లోపం ఉందని ఆ రాత్రి ఏడ్చాను కూడా. ఇంతకంటే ఈ చోట్ల గురించి నేను చెప్పగలిగింది లేదు. ముందే గీసుకున్న బొమ్మతో పోల్చి చూశాను, అంతే.

తర్వాత యొప్పే. ఇప్పుడు దాన్ని యాఫా అంటారు, టెల్ అవీవ్‌కు దక్షిణాన ఆనుకుని ఉంటుంది. సొలొమోను మందిరానికి లెబానోను దూలాలు తెప్పలుగా దిగిన రేవు. నీనెవెకు పొమ్మంటే తర్షీషుకు పోవాలని యోనా ఓడ ఎక్కిన రేవు. పాత ఊళ్లో మెట్ల సందులు దిగుతూ లైట్‌హౌస్ దగ్గరికి వస్తే ఒక మూసిన తలుపు. చర్మకారుడైన సీమోను ఇల్లు ఇదేనని సంప్రదాయం. ఇప్పుడున్న కట్టడం అంత పాతది కాదని మేడమ్ ముందే చెప్పింది. ఊరు అదే, సముద్రం అదే, అది చాలు అంది.

ఆ తలుపు ముందు మమ్మల్ని ఆపి ఆవిడ ఒక ప్రశ్న వేసింది. అపొస్తలుల కార్యాల్లో పేతురు ఇక్కడ బస చేశాడని చెప్పిన ప్రతిసారీ, ఇంటివాడు తోళ్ల పనివాడని లూకా ఎందుకు గుర్తుచేస్తున్నాడు? ఇల్లు సముద్రపు దరిన ఉందని ఎందుకు చెబుతున్నాడు? పేరొక్కటి చెబితే సరిపోదా?

నాతో చదివే అమెరికా పిల్లలు ఏవేవో ఊహలు చెప్పారు. అప్పుడు ఆవిడ వివరించింది. క్రీస్తు శకం 200 ప్రాంతంలో కూర్చిన యూదుల ధర్మశాస్త్రం మిష్నాలో ఒక నియమం ఉంది. కళేబరాలు, సమాధులు, తోళ్లు పదునుచేసే చోట్లు ఊరికి యాభై మూరల దూరంలో ఉండాలి. ఆ వాసన భరించలేనని భార్య విడాకులు అడిగితే ఇప్పించవచ్చని కూడా అందులో ఉంది. చచ్చిన పశువుల్ని ముట్టుకునేవాడు ఊరి అంచునే ఉండాలి. ఆ పనికి నీళ్లు కావాలి, గాలి కావాలి. అలాంటి ఇంట్లో పేతురు చాలా రోజులు తిన్నాడు, పడుకున్నాడు. ఇదంతా చెప్పి ఆవిడ మా వైపు తిరిగి అడిగింది: "మీలో ఎవరైనా చేత్తో తోళ్లు పదునుచేసే చోటు చూశారా?"

నేను చూశాను.

మా తాత లంద పెరటి చివర ఉండేది. తోలును ముందు సున్నపు నీళ్లలో ఊరేసి, వెంట్రుకలు ఊడాక బల్ల మీద పరిచి గీకేవాడు. తర్వాత దాన్ని సంచిలా కుట్టి, చెట్టు కొమ్మకు వేలాడదీసి, లోపల దంచిన తంగేడు చెక్క కూరి నీళ్లు పోసేవాడు. కుట్ల సందుల్లోంచి ఎర్రటి నీళ్లు బొట్టు బొట్టుగా కింది గోలెంలోకి దిగేవి. గోలెం నిండగానే చెంబుతో తోడి మళ్లీ పైన పోయడం నా పని. సెలవులకు వెళ్లినప్పుడల్లా అదే పని. తాత చేతులు మణికట్ల దాకా ఎర్రగా ఉండేవి, ఎంత తోమినా పోయేది కాదు. వయసులో ఉండగా ఊరి మోటబావులకన్నిటికీ తోలు బానలు ఆయనే కుట్టాడట. నేను చూసేనాటికి మోటలు పోయాయి, చెప్పులూ డప్పులూ మిగిలాయి. తర్వాత ప్లాస్టిక్ చెప్పులొచ్చి అవీ పోయాయి. ఆదివారం మాత్రం తెల్ల చొక్కా వేసుకుని చర్చిలో ముందు వరసలో కూర్చునేవాడు. ఆ చేతులతోనే బైబిలు పట్టుకునేవాడు.

మేడమ్ అడిగినప్పుడు నేను రాళ్ల వైపు చూస్తూ నిలబడ్డాను. ఆ గుంపులో ఆవిడ అడిగినదాన్ని కళ్లారా చూసినవాణ్ణి, ముక్కారా ఎరిగినవాణ్ణి నేనొక్కణ్ణే. సున్నం ఎన్నాళ్లు, చెక్క ఎన్నాళ్లు, ఏ దశలో వాసన ఎలా మారుతుంది అన్నీ చెప్పగలను. చెప్పలేదు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నా పక్కన కూర్చున్న మిన్నెసోటా అబ్బాయి, మీ ఊళ్లో మీవాళ్లు ఏం చేస్తారని మామూలుగానే అడిగాడు. వ్యవసాయం అన్నాను. మాకు సెంటు భూమి లేదు.

ఆ అబ్బాయికి మన కులాల సంగతే తెలియదు. మాదిగ అన్న మాట విన్నా అతని ముఖంలో ఏ మార్పూ ఉండేది కాదు. ఎవరూ చిన్నచూపు చూడని చోట కూడా నేను దాచుకున్నానంటే, ఆ చూపు అప్పటికే నాలోపల కాపురం పెట్టింది. ఊళ్లో నాకు ఎదురైన అవమానాలకు వేరేవాళ్లు బాధ్యులు. యొప్పేలో జరిగినదానికి నేనే.

ఆ రాత్రి అమ్మకు ఫోన్ చేసి జరిగింది చెప్పాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: "పేతురు తిన్న ఇల్లు గదరా అది. తోలు పనోళ్ల కూడే గదా తిన్నాడు. అంతకంటే పరిశుద్ధ స్థలం నీకింకేం గావాల?"

ఫోన్ పెట్టేశాక అపొస్తలుల కార్యాల పదో అధ్యాయం తీశాను. చిన్నప్పటి నుంచి ఎన్నోసార్లు విన్న అధ్యాయమే. మధ్యాహ్నం వేళ పేతురు ఆ ఇంటి మిద్దె మీద ప్రార్థన చేసుకుంటున్నాడు. ఆకలేసింది. కింద వంట అవుతోంది. అప్పుడు దర్శనం. నాలుగు చెంగులు పట్టి దింపిన పెద్ద దుప్పటి, అందులో రకరకాల జంతువులు, చంపుకుని తినమన్న స్వరం. నిషిద్ధమైనది ఎన్నడూ తినలేదంటాడు పేతురు. దేవుడు పవిత్రం చేసినదాన్ని నువ్వు అపవిత్రం అనవద్దని జవాబు. ముమ్మారు జరుగుతుంది. ఊరి అంచున, చచ్చిన పశువుల తోళ్లు ఆరేసుకునే ఇంటి మిద్దె మీద ఈ మాట వినిపించిందని నేను ఏనాడూ ఆలోచించలేదు. అంతలో కైసరయ నుంచి కొర్నేలి పంపిన మనుషులు గుమ్మంలోకి వస్తారు. కొర్నేలి ఇటలీ పటాలంలో శతాధిపతి, అన్యుడు. పేతురు ఆ వచ్చినవాళ్లను లోపలికి పిలిచి ఆ రాత్రి అక్కడే ఉంచుకుంటాడు. అంటే అన్యులకు ఆ రాత్రి ఆశ్రయమిచ్చింది సీమోను గడపే. మర్నాడు బయలుదేరి, తీరం వెంట సుమారు 50 కిలోమీటర్లు నడిచి, ఆ మరునాటికి కైసరయ చేరుకుంటారు. యూదులు కాని మా అందరికీ తలుపు తెరుచుకున్న దారి అది. నా జాబితాలో లేని దారి.

మళ్లీ కైసరయ వెళ్లాను, ఈసారి ఒక్కణ్ణే. హైఫా నుంచి తీరం వెంట పోయే రైల్లో బిన్యమీనా దాకా వెళ్లి, అక్కణ్ణుంచి కైసరయ ఒడ్డుకు. హేరోదు కట్టించిన అడ్డుగోడలు చాలావరకు కుంగి నీళ్ల కింద ఉన్నాయి. తర్వాతి కాలంలో సిలువ యుద్ధాల వాళ్లు రేవు కట్టుకోవడానికి పాత రోము స్తంభాలను అడ్డంగా పేర్చారు. వాటి గుండ్రటి కొసలు అలల్లో కనిపిస్తాయి. పౌలును ఇక్కడే రెండేళ్లు బందీగా ఉంచారు. చక్రవర్తి దగ్గరే చెప్పుకుంటానని, ఇక్కణ్ణుంచే రోముకు ఓడెక్కాడు. మేడమ్ అప్పుడు చెప్పిన సున్నం, బూడిద మాటలు ఆ గోడల దగ్గర నాకు చెవిలో పడ్డాయి. వెంట్రుకలు ఊడదీయడానికి మా తాత వాడిందీ సున్నమే. ఆ ఒడ్డున కూర్చుని మొట్టమొదటిసారి, ఏదో కనిపించాలని అడక్కుండా, మనస్ఫూర్తిగా ప్రార్థన చేసుకున్నాను.

మా ఒంగోలు చరిత్ర తెలిసినవాడికి ఈ తప్పు అసలు జరగకూడదు. 1866లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర ఒంగోలు వచ్చిన తొలిరోజుల్లో ఆ మిషనుకు దారి చూపినవాడు తాళ్లకొండపాడు యెర్రగుంట్ల పేరయ్య. తోళ్ల వ్యాపారం చేసుకునే మాదిగ. తోళ్ల కోసం ఉత్తరం వైపు వెళ్లినచోట సువార్త విని, దాన్ని భుజాన వేసుకుని పల్లె పల్లె తిరిగాడు. మాదిగల్ని చేర్చుకుంటే మేం రామని పెద్ద కులాలవాళ్లు కబురు పెట్టినప్పుడు, క్లౌ దంపతులు విడివిడిగా తెరిచిన బైబిల్లో ఒకే చోటు కనిపించిందని మా సంఘాల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. లోకంలో నీచులైనవారిని దేవుడు ఏర్పరచుకున్నాడన్న కొరింథు పత్రిక మాట అది. తర్వాత పెద్ద కరువు. బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వకం క్లౌ కాంట్రాక్టుకు తీసుకుని ఆకలిగొన్నవాళ్లకు పని ఇచ్చాడు. అదీ తీరం వెంటే. కరువు పనులు ముగిశాక, 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. క్లౌ రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో మాదిగల గురించి రాసిన పుస్తకానికి చెప్పులు కుట్టే పని పేరే పెట్టింది. ఇవన్నీ మా గోడల మీద ఫొటోలుగా ఉన్నాయి. కొర్నేలి పేరు మా ఊళ్లో పిల్లలకు పెట్టుకుంటాం. సీమోను వృత్తి గురించి మాత్రం మా చర్చిలో ఒక్క ప్రసంగం నేను వినలేదు. మా పెద్దలూ నాలాగే సిగ్గుపడ్డారేమో. కాని వాళ్లకు ఊరి భయం ఉంది. నాకు ఆ సాకు కూడా లేదు.

సెమిస్టరు చివరి వ్యాసం తోళ్ల పని మీదే రాశాను. తాత లందను దశలవారీగా వర్ణించి, ఆయన ఎవరో, మేమెవరమో మొదటి పేరాలోనే చెప్పాను. మేడమ్ దాన్ని తన తరగతిలో చదివించడానికి అనుమతి అడిగింది, ఇచ్చాను. మిన్నెసోటా అబ్బాయికి మాత్రం నిజం చెప్పకుండానే ఎవరి దారిన వాళ్లం పోయాం. తాత అప్పటికే లేడు.

ఇటీవలి ఏళ్లలో మన పల్లెల నుంచి కూడా చాలామంది ఆ బైబిలు దేశపు యాత్రకు వెళ్లారు. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తక్కువ ఆదాయం ఉన్న యాత్రికులకు ఇచ్చే సాయాన్ని 60 వేల రూపాయలకు పెంచింది. కూలి డబ్బులు కూడబెట్టుకుని వెళ్లే ముసలివాళ్లను నేను యెరూషలేములో చూశాను. వాళ్లను తీసుకువెళ్లే పాస్టరుగార్లకు నాదొక మనవి. యొప్పేను ఫొటోల మజిలీ చేసి వదిలేయకండి. ఆ సందు చివర అందరినీ కూర్చోబెట్టి పదో అధ్యాయం మొత్తం పైకి చదివించండి. సీమోను ఏ పని చేసేవాడో దాచకుండా చెప్పండి. మీ గుంపులో లంద ఎరిగిన పెద్దలు ఉంటారు. చెప్పాలని వాళ్లకు అనిపిస్తే, ఆ పని ఎలా చేసేవారో వాళ్ల నోటితోనే చెప్పనివ్వండి.