సాటా నిద్రా సూత్రం: టీకా తాత్పర్యం

మూలం: మెడ్ పవర్ విత్ డిప్మ్.

అవతారిక: లైనక్స్ ల్యాప్‌టాప్‌లో కంట్రోలరుకూ సాటా డిస్కుకూ నడుమనున్న లింకు పని లేనప్పుడు ఎంత గాఢంగా నిద్రపోవాలో విధించే సెట్టింగ్ ఇది. పూర్వం మ్యాక్స్ పర్ఫార్మెన్స్, మీడియం పవర్, మిన్ పవర్ అని మూడే విధులుండేవి. నాలుగోదైన ఈ సూత్రం 2018లో 4.15 కెర్నల్‌తో అవతరించింది. అదే ఏడు ఫెడోరా 28 దీన్ని ల్యాప్‌టాప్‌లకు డిఫాల్టుగా శిరసావహించింది.

ప్రతిపదార్థం: మెడ్ పవర్ = కంట్రోలరు లింకును పార్షియల్ అనే కునుకు వరకే పంపగా; డిప్మ్ = డిస్కు తానై స్లంబర్ అనే గాఢనిద్ర కోరు స్వేచ్ఛతో; విత్ = కూడి; (లింకు వర్తించుగాక అని అధ్యాహారం).

తాత్పర్యం: నిద్ర ఎప్పుడు పట్టాలో నిద్రపోయేవాడికే బాగా తెలుసును గనుక గాఢనిద్ర నిర్ణయం డిస్కుకే వదలాలని సూత్రకారుడి ఆశయం. ఇక్కడ పూర్వపక్షి లేచి, వాట్లు మింగేది తెర కదా, డిస్కును జోకొడితే మిగిలేదెంత అంటాడు. డిస్కు ఒక్కదాన్నే లెక్కిస్తే అతని మాట నిజమే. అయితే హాస్వెల్ తరం నుంచి ఇంటెల్ ల్యాప్‌టాప్ ప్రాసెసర్లలో చాలావాటికి ఒక నియమముంది: సాటా లింకు మేలుకుని ఉన్నంతసేపూ ప్రాసెసర్ ప్యాకేజీ లోతైన నిద్రాస్థితుల్లోకి దిగలేదు. వసారాలో చుట్టం కూర్చుని ఉండగా ఇంటివాళ్లు పడుకోలేనట్టే ఇదీను. కనుక అసలు ఆదా డిస్కులో కాదు, డిస్కు పడుకున్నాక పడుకోగలిగే ప్రాసెసర్‌లో ఉంది. మరి నిద్రలేపడానికి ఆలస్యమవదా అంటే, ప్రమాణం ప్రకారం కునుకు నుంచి లేవడానికి గడువు 10 మైక్రోసెకన్లు, గాఢనిద్ర నుంచి 10 మిల్లీసెకన్లు. ఈ ఆలస్యం మనిషి కంటికి ఆనదు.

విశేషం: నిద్ర ఇంత మేలైతే మిన్ పవర్ పెట్టి కంట్రోలరు చేతే గాఢనిద్ర పుచ్చవచ్చు గదా అని రెండో ఆక్షేపణ. అలా పెడితే కొన్ని ఎస్ఎస్‌డీల్లో డేటా చెడిందన్న ఫిర్యాదులున్నాయి. చార్జింగ్ మళ్లీ పెట్టుకోవచ్చు, చెడిన ఫైలును అలా తెచ్చుకోలేం. పళ్లేలు తిరిగే పాత హార్డ్ డిస్కుల సంగతీ ఇదే నీతి చెబుతుంది. వాటి హెడ్లు మాటిమాటికీ పక్కకు ఒదిగితే కరెంటు కాస్త మిగిలేది, కానీ ల్యాప్‌టాప్ డిస్కుల్లో చాలావాటికి తయారీదారు చెప్పిన ఆయుర్దాయం 6 లక్షల ఒదుగుళ్లు. అర నిమిషానికొకటి చొప్పున రోజుకు 8 గంటలు నడిపితే ఆ ఆయువు 625 రోజుల్లో తీరిపోతుంది. ఇక కొత్త ల్యాప్‌టాప్‌లలో ఉండేవి ఎన్‌వీఎంఈ డిస్కులు గనుక ఈ సూత్రం చెల్లదనేవారికి సమాధానం: అక్షరం చెల్లదు, న్యాయం చెల్లుతుంది. 2017లో 4.11 కెర్నల్ ఆ డిస్కులకూ స్వయంనిద్రను అనుగ్రహించింది. మేల్కొనే ఆలస్యం ఒక హద్దు దాటే స్థితులను వాడనివ్వదు. లోతు నిద్ర నుంచి సరిగా లేవలేని మోడళ్లకు మినహాయింపుల జాబితా కూడా అందులోనే చేర్చారు. అక్కడా మధ్యమమార్గమే సిద్ధాంతమైంది.

ఫలశ్రుతి: 48 వాట్‌అవర్ల బ్యాటరీతో, ఖాళీగా 6 వాట్లు తాగే యంత్రం 8 గంటలు నడుస్తుంది. ఈ సూత్రం వల్ల ఒక్క వాటు తగ్గిందనుకుంటే 9 గంటల 36 నిమిషాలు నడుస్తుంది. పగలంతా వీడియోలు చూసేవారికి లింకు ఎంత నిద్రపోయినా తెర నిద్రపోదు కనుక ఇంత ఫలం దక్కదు. బ్యాకప్ లేనివారికి ఈ సూత్రపఠనాధికారమే లేదు.