గేటు వెలుపలి కుటుంబము నుండి బహిరంగ లేఖ

మహారాజశ్రీ అంతర్జాతీయ ప్రాథమిక పాఠశాలాధ్యక్షులవారి సముఖమునకు, తమ పాఠశాలయందు ఈ యేడు మూడవ గ్రేడునకు వచ్చిన ఒక చిరంజీవికి తాతనైన నేను నమస్కరించి వ్రాసికొను విన్నపము.

నూతన విద్యాసంవత్సరారంభమును పురస్కరించుకొని తాము పంపిన స్వాగతపత్రము మాకు చేరినది. మిక్కిలి సంతోషించితిమి. అందు 'కుటుంబము' అను మాట పదునాలుగు మారులు వచ్చినట్లు వ్రేళ్లు మడిచి లెక్కించితిని. ముప్పదియారేండ్లు జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడనై యుండి, పునరుక్తి దోషమునకు మార్కులు కోయుటలో చేయి తిరిగినవాడనయ్యును, ఆ పదునాలుగింటిలో ఒక్కదానికైనను నా ఎఱ్ఱసిరా తగులలేదు. ఏలయన అది దోషము గాక ఔదార్యమని నమ్మితిని. ఈ కాలమున ఇట్టి భాషలో లేఖ వ్రాయుట ఆ వృత్తివలన నాకంటిన జాడ్యము. తెలుగు భాషా దినోత్సవమగు ఆగస్టు 29వ తేదీ సమీపించుచున్న ఈ దినములలో వాడుకభాషకై పోరాడిన గిడుగువారి ఆత్మ నన్ను మన్నించును గాక. తమ పాఠశాల క్యాలెండరునందు ఆ తేదీకి ఎదురుగా ఏమియు వ్రాయబడలేదు కనుక తమ మన్నింపు అవసరము లేదనుకొందును.

ఈ మాటలను తమ చెవిలోనే వేయుట మర్యాద యని నే నెఱుగకపోలేదు. తమ యాప్‌లో పాఠశాలాధ్యక్షులకు నేరుగా వ్రాయుటకు ఒక గడి కలదని మా కోడలు చెప్పగా తెరవబోతిని. అది ఓటీపీ యడిగెను. ఆ ఓటీపీ మా అబ్బాయి ఫోనునకు పోయెను. మా అబ్బాయి బెంగుళూరులో మీటింగునందుండెను. అందువలన ఇది బహిరంగ లేఖ యైనది.

ఇక సంగతికి వచ్చెదను. రాష్ట్రములోని తక్కిన బడులెన్నో జూన్ నెలలోనే తెరచి, పిల్లలు అప్పటికే రెండు పరీక్షలు వ్రాసి, రెండింటను మార్కులు పోగొట్టుకొనిన పిమ్మట, ఆగస్టు ముసురులో తమ పాఠశాల తెరువబడినది. సోమవారము ఉదయము 9 గంటలకు స్వాగతోత్సవమనియు, కుటుంబసభ్యులెల్లరు వచ్చి తరగతిగదిని, ఆటస్థలమును చూచి, ఉపాధ్యాయులతో మాటలాడి, కాఫీ పుచ్చుకొని పోవలసినదనియు తమ పత్రమునందుండెను. అబ్బాయి ఊర లేడు. కోడలికి ఆఫీసులో ఆనాడే ఏదో రిలీజ్. దినదినమును ఉదయము ఏడు గంటలకు ఆ పిల్లవాని వ్రేలు పట్టుకొని అపార్టుమెంటు గేటువద్ద తమ బస్సెక్కించి, సాయంకాలము మరల అచ్చటనే నిలిచి దింపుకొనువారము మేమిద్దరమే గనుక, ఆ స్వాగతమునకు కూడ మేమే పోదమని నిశ్చయించితిమి. మా యింటిది ముందునాటి రాత్రియే మినుములు దోరగా వేయించి, మిక్సీలో పిండిచేసి, పాతబెల్లము, ఇంటి నేయి కలిపి, పంతులమ్మగారికని డబ్బానిండ సున్నుండలు చుట్టినది. తెల్లవారి పెట్టెలోని గద్వాలు చీర తీసి కట్టినది. పెండ్లికి పోవునట్లు పోయితిమి.

గేటుకడ నొక అస్సాము కుర్రవాడు మమ్ము ఆపి, "అంకుల్‌జీ, క్యూఆర్ దిఖాయియే" అనెను. వాని నేమియు ననను. పొట్టకూటికి రెండువేల కిలోమీటర్లు వచ్చి వానలో నిలుచున్న బిడ్డ. మావాడు అప్పటికే బస్సులో వచ్చి లోనికి పోయియుండెను. వానికి కంఠమున కార్డు వ్రేలాడుచున్నది. మాకు లేదు. తమ యాప్‌లో కుటుంబమనగా రెండు గడులు: తల్లి యొకటి, తండ్రి యొకటి. మూడవ గడి లేదు. అంతలో లోపలినుండి పట్టీకి కార్డు తగిలించుకొన్న అమ్మాయి ఒకతె వచ్చి, చిరునవ్వు చెదరనీయకుండ, "సారీ సర్, ఓన్లీ ఫ్యామిలీ" అనెను.

ఓన్లీ ఫ్యామిలీ!

అయ్యా, మేమెవరము? ఆ పిల్లవాడు పుట్టిన పదునొకండవనాడు చెవిలో పేరు చెప్పిన నేనెవరిని? వానికి రాత్రి జ్వరము వచ్చిన తల్లిదండ్రులకు తెల్లవారి చెప్పుదము, పాపము నిద్రపోనిండని, తడిగుడ్డ మార్చుచు కూర్చుండు ఆవిడ ఎవరు? ప్రవేశమునాడు మేము కుటుంబము కామా? 2009 నాటి విద్యాహక్కు చట్టపు 13వ సెక్షను పిల్లలను గాని తల్లిదండ్రులను గాని వడపోయరాదని నిషేధించియుండగా, తాము ఆ వడపోతకు ఇంటరాక్షన్ అని పేరు పెట్టి, ఫారమునందు తాతగారి చదువేమి, ఉద్యోగమేమి యని వ్రాయించుకొనిన దినమున నేను కుటుంబమునే గదా! తమ ఫీజు రసీదునందు నా పేరు లేకపోవచ్చును. మా ఊరి చెరువుక్రింది అరయెకరము మాత్రము అందు పూర్తిగా నున్నది.

కోపము వచ్చినది. క్షమింపుడు. మర్యాదగా వ్రాయవలెననియే కూర్చుంటిని.

సున్నుండల డబ్బానైన లోనికి పంపుడని మా యింటిది వేడుకొనెను. ఇంటిలో వండినవి లోనికి రారాదట, నట్స్ ఉండవచ్చునట. "మినుములమ్మా, మినుములు" అని ఆవిడ నాలుగు మార్లు చెప్పెను. మినుములను అంతర్జాతీయ భాషలో ఏమందురో నాకును అప్పుడు తోచలేదు. డబ్బా చేతబట్టుకొని, ఒక గొడుగుక్రింద ఇద్దరము, ప్రహరిగోడ నానుకొని గంటన్నరసేపు నిలిచితిమి. లోపలి మైకు బయటికి చక్కగా వినవచ్చుచుండెను. ఇది పాఠశాల కాదు, ఒక కుటుంబము అని తాము సెలవిచ్చినది మేమిద్దరము ఆ కాలిబాటమీదనే వింటిమి. చప్పట్లు కూడ వినబడినవి.

మా చిన్ననాడు దసరా వచ్చిన, పంతులుగారే పిల్లలను వెంటబెట్టుకొని, విల్లంబులు చేతికిచ్చి, బుక్కాగుండ చల్లించుచు, పద్యములు పాడించుచు ఇంటింటికి వచ్చెడివారు. బడియే ఇంటి గుమ్మమెక్కి కుటుంబమును పలుకరించెడిది; పప్పుబెల్లాలు పుచ్చుకొని పోయెడిది. ఆ పంతులుగారికి బెత్తమును కలదు, కోపమును కలదు. కాని ఏ యింటికిపోయినను ముసలమ్మ యెక్కడ అని ముందుగా అడుగుట వారి యలవాటు. ఆ కాలమే మంచిదని నేననుట లేదు. గోడకుర్చీ వేసిన మోకాళ్లు ఇప్పటికిని నన్ను పొడుచుచున్నవి. కాని ఆ బడికి గేటు లేదు.

స్వాగతోత్సవము మఱునాడే, మంగళవారము, మనుమని చేతికొక కాగితమిచ్చి పంపితిరి. జెనీవాలో 1968లో పుట్టిన ఐబీ సంస్థవారు 1997లో చిన్నపిల్లలకై ఏర్పరచిన పీవైపీ యను చదువులో ఆరు మహావిషయములు గలవని, వానిలో మొదటిది 'మనమెవరము' అనునదని, దాని నిమిత్తమై ఇంటిలోని పెద్దవారిని పది ప్రశ్నలడిగి వ్రాసికొని రావలయునని అందుండెను. చదువు మంచిదే. ఉపనిషత్కాలము నుండి పెద్దలు తల బ్రద్దలు కొట్టుకొనుచున్న ప్రశ్నను ఎనిమిదేండ్లవాని సంచిలో పెట్టి పంపగలిగిన సంస్థను నేను గౌరవింపకుండలేను. కాని, సోమవారమునాడు కుటుంబము కానివారము మంగళవారమునాటికి పరిశోధనాసామగ్రి ఎట్లయితిమో సెలవిండు.

అదే చదువులో పిల్లవానికి అలవడవలసిన గుణములు పది యట. అందు కేరింగ్ ఒకటి, ఓపెన్‌మైండెడ్ ఒకటి. ఈ పదింటిని రంగురంగుల బొమ్మలతో గోడమీద వేయించినారని మనుమడు చెప్పెను. గోడకు లోపలివైపున కాబోలు. వెలుపలివైపున సీసీ కెమెరాలున్నవి.

పనిలోపనిగా మరికొన్ని. ఒక పిల్లవానికి మూడు విధముల యూనిఫారములు, రెండు విధముల బూట్లు. అవి తమ గేటులోపలి యంగడిలోనే కొనవలెను, అచ్చట మాత్రము క్యూఆర్ అక్కరలేదు. తల్లిదండ్రులతో కాఫీ సమావేశము పనిదినమున పదిన్నరకు; ఆ వేళకు కాఫీ త్రాగుటకు తీరికయున్న తల్లిదండ్రులు తమ ఫీజు కట్టగలరా? తెలంగాణములోని బడులన్నిట తెలుగు నేర్పవలసినదే యని 2018లో చట్టము వచ్చుటచే గత్యంతరము లేక పెట్టిన తెలుగు పీరియడు శుక్రవారము కట్టకడపటిది. ఆ వేళకే ఈతకొలను తరగతి కూడ. నిరుడు ఆగస్టునుండి మేవరకు మావాడు ఈత బాగుగా నేర్చినాడు. ఫిబ్రవరి 21న మాతృభాషా దినోత్సవమునకు ఆహ్వానము ఆంగ్లమున వచ్చినది; వేదికనెక్కి మావాడు "మై మదర్ టంగ్ ఈజ్ తెలుగు" అని ఆంగ్లముననే చెప్పి దిగినాడు. హాలోవీన్ వేషములకు మాత్రము రెండు నెలలముందే సర్క్యులరు. మరియు గ్రాండ్ పేరెంట్స్ డే: ఏడాదికొక్క దినము మమ్ము పిలిచి, కాగితపు కిరీటములు పెట్టి, ఫొటో తీసి పంపివేయుదురు. ఆ ఫొటో తమ బ్రోచరునందు నాలుగవ పుటలో నున్నది. నవ్వుచున్న ముసలమ్మ మా యింటిదే. ఆవిడకే మొన్న గేటుకడ ఓన్లీ ఫ్యామిలీ అని చెప్పినారు.

ఇవన్నియు ఎట్లయినను పోనిండు. బూట్లు కొందుము. కిరీటములును పెట్టుకొందుము. సోమవారము సాయంకాలము బస్సుదిగి వాడు మమ్ము అడిగినదొక్కటే: "తాతయ్యా, మీరెందుకు రాలేదు? నేను నా ప్లేసు పక్కన మీకోసం రెండు కుర్చీలు పట్టి ఉంచాను." ఎవరెవరో వచ్చి అడిగినను ఇవ్వలేదట. వానికేమని చెప్పుదుము? ముప్పదియారేండ్లు పిల్లల ప్రశ్నలకు జవాబులు చెప్పి బ్రదికినవాడను. వానతో ఆలస్యమైనదని అబద్ధమాడితిని.

ఆ పది ప్రశ్నల కాగితము వెనుక వంశవృక్షమని ఒక చెట్టు బొమ్మ అచ్చువేసి, కొమ్మలలో మూడు గడులు పెట్టినారు: నేను, అమ్మ, నాన్న. వాడు రంగుపెన్సిళ్లు ముందేసికొని చాలసేపు చూచి, "నాన్నమ్మా, నిన్నెక్కడ వెయ్యాలి? బాక్సు లేదు" అనెను. ఆవిడ చేతిలోని చిక్కుడుకాయల ఈనెలు తీయుచునే, తల ఎత్తకుండ, "చెట్టు కింద వెయ్యరా నాయనా, నీడకి కూచుంటాను" అనెను. వాడట్లే వేసినాడు. ప్రక్కను గొడుగుతో నన్నును వేసినాడు. ఆ కాగితము ఇప్పుడు తమ పాఠశాలలోనే ఉన్నది. పంతులమ్మగారు దానికి ఏ గ్రేడు ఇచ్చెదరో తెలియదు.

తమ గేటు లోపల నొక వేపచెట్టు కలదు. కాలిబాటమీద నిలిచి గంటన్నరసేపు నేను చూచినది దానినే. ఆ చెట్టుక్రింద రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేయించిన చాలును. కాఫీ వలదు. ఉపన్యాసము ఎట్లును బయటికి వినబడును. యాప్‌లో మూడవ గడి పెట్టుట సులభమని మా అబ్బాయి అనుచున్నాడు, వాని వృత్తియే అది. అరగంట పని యట. వాడు కంపెనీ పని ముగించుకొని ఆదివారము వచ్చి ఉచితముగా చేసిపెట్టుదుననుచున్నాడు. గేటువద్ద ఆ అస్సాము కుర్రవానికి మా ముఖములు చూపి, వీరును లోనివారేయని ఒక్కమాట చెప్పిన అంతకంటెను సులభము.

సున్నుండల డబ్బా ఫ్రిజ్‌పైన అట్లే యున్నది. రెండు తీసికొందునన్న, "పంతులమ్మగారివి, ముట్టుకోకండి" అని మా యింటిది చేయి తట్టుచున్నది. నేయి వాసన మారకముందే పిలువుడని వేడుచున్నాను.

వచ్చే శుక్రవారము తరగతిలో పిల్లలు తమ వంశవృక్షములను చూపి మాటలాడుదురట. కుటుంబములకు స్వాగతమని నిన్న మరల పత్రము వచ్చినది. అబ్బాయికి సెలవు దొరకలేదు, కోడలు వచ్చును. ఇంకొక పాసు మిగులును. గేటువద్ద ఆ తండ్రి గడిలో ముసలమ్మ నెట్లు పంపుదుమని అడుగకుండుడు. ఆవిడకు మోకాళ్లు నొప్పులు, ఎక్కువసేపు నిలువజాలదు. ఆవిడ నొక్కతెను లోనికి పంపుడు. నేను గొడుగు పట్టుకొని బయటనే నిలిచెదను.

ఇట్లు,
తమ విధేయుడు,
మూడవ గ్రేడు విద్యార్థి తాత