మోకా మోజు

కాఫీలో చాక్లెట్ కలిపిన మోకాని విశాఖలో ఒక కేఫ్‌లో తాగాను. ఇక మా ఊరు భావనపాడు మొత్తానికీ ఆ రుచి ఎరిగినవాణ్ణి నేనొక్కణ్ణేనన్న గర్వం తలకెక్కింది. ఇలాంటి గర్వం మీకూ ఎప్పుడో ఒకప్పుడు ఎక్కే ఉంటుంది, అందుకే దాచకుండా చెబుతున్నాను.

పండక్కి అక్కా బావా వస్తున్నారని, విదేశీ కోకో పొడి డబ్బా కొన్నాను. నచ్చి కాదు, ధర ఎక్కువని.

పాలు మరుగుతుండగా పొడి గుమ్మరించాను. గడ్డ కట్టింది. గరిటెతో చిదిమితే చిన్న గడ్డలై తేలింది. డికాషన్ ఇంకా పోశాను, చేదెక్కింది, పంచదార పోశాను, పాకమైంది, అయినా ఆగక గ్లాసుల్లోకి ఒంపేసి, “టెక్కలంతా తిరిగినా ఇలాంటిది దొరకదు బావా” అన్నాను. బావ ఒక్క గుక్క తాగి గ్లాసు కింద పెట్టేశాడు. అమ్మ తన గ్లాసు అడుగుకి చూసి, “ఏటిరా, ఇంత మడ్డుంది?” అంది. నాకు నోట మాట రాలేదు.

కోకో పొడి పాలలో కరగదు. అందులోని కొవ్వు వల్ల తొందరగా తడవదు కూడా. అక్క రెండు చెంచాల వేడిపాలలో పొడీ పంచదారా వేసి నున్నగా మెదిపింది. ఆ ముద్దలో కొంచెం కొంచెంగా పాలు పోసి, చివర్న డికాషన్ కలిపి, చిటికెడు నౌపడ ఉప్పు వేసింది. ఉప్పు చేదుని అణుస్తుంది. పక్కనే నౌపడ ఉప్పు మడులు పెట్టుకుని నాకా సంగతి తట్టనే లేదు!

నన్ను ఎక్కువ బాధపెట్టింది మాత్రం ఆ డబ్బా. దేశంలో కోకో ఎక్కువ పండేది మన రాష్ట్రంలోనే. ఏలూరు, పశ్చిమ గోదావరి జిల్లాల్లో కొబ్బరి, పామాయిల్ తోటల నీడన పెంచుతారు. గింజల్ని గుజ్జుతో సహా కొన్నాళ్లు పులియబెట్టి, ఎండబెట్టి, వేయిస్తారు. ఇటు చూస్తే అరకు కాఫీ. మిరియాల తీగలు పాకిన సిల్వర్ ఓక్ చెట్ల కింద గిరిజన రైతులు పండించే ఈ అరాబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కాఫీ గింజకైనా కోకో గింజకైనా వాసన విచ్చుకునేది వేపుడులోనే. ఆ రెండు వాసనలూ దగ్గర చుట్టాలు కాబట్టే గ్లాసులో అంత బాగా కలుస్తాయి. ఇంత మంచి జోడీ మన నేలమీదే పండుతుంటే ధర చీటీ చూసి రుచిని లెక్కగట్టాను.

ఇప్పుడు మా ఇంట్లో అరకు డికాషన్, గోదావరి కోకో. గ్లాసుకి ఒక చెంచా పొడి చాలు, మించితే కాఫీ వాసన దాని కింద నలిగిపోతుంది. బావ వస్తే కలిపేది ఇప్పటికీ అక్కే.