సూపర్‌మ్యాన్‌కు పది గంటల కొలువు

రోజుకు పది గంటలు. 2025 జులై 5న తెలంగాణ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చేసింది, దుకాణాలను వదిలేసి మిగతా వాణిజ్య సంస్థలన్నిటికీ. వారానికి 48 గంటలు దాటితే ఓటీ ఇస్తారట. ఆరు గంటలు ఏకబిగిన చేశాక అరగంట విశ్రాంతి అట. ఆంధ్ర మంత్రివర్గం నెల ముందే ఫ్యాక్టరీలతో సహా ఈ పుణ్యం కట్టుకుంది. అదనంగా పనిచేస్తే ఆదాయం పెరుగుతుందని అక్కడి మంత్రిగారు లెక్క కూడా చెప్పారు.

నా బాధంతా ప్రచారం గురించే. జీవో భాష ఎవడు చదువుతాడు? బొమ్మలేసి చెప్పాలి. అమెరికావాళ్ళు ఎప్పుడో ఆ దారి వేసిపెట్టారు. 1949 నుంచి 1960ల దాకా సూపర్‌మ్యాన్, బ్యాట్‌మ్యాన్ పుస్తకాలు అచ్చేసే కంపెనీ అందులో ఒక పేజీ హితబోధకు వదిలేది. ఎడిటర్ జాక్ షిఫ్ రాసేవాడు, సంక్షేమ సంఘాల పెద్దలు సలహా ఇచ్చేవారు. కామిక్స్ పిల్లల్ని చెడగొడుతున్నాయంటూ కొన్ని ఊళ్ళలో పుస్తకాలు కుప్పబోసి తగలబెట్టిన కాలమది. కంపెనీకి కాస్త మంచిపేరు అవసరం. బడి మానొద్దు, లైబ్రరీకి వెళ్ళు, ఒప్పుకున్న పని శ్రద్ధగా చెయ్యి. రంగూ మతమూ చూసి తోటివాణ్ణి దూరం పెట్టొద్దన్న పేజీలూ ఉన్నాయి, వాటికి మాత్రం దండం పెట్టాల్సిందే. పద్ధతి ఒకటే: మొదటి గడిలో కుర్రాడు దారి తప్పుతాడు, చివరి గడిలో సిగ్గుపడి దారిలోకి వస్తాడు.

కార్మిక శాఖవారు ఆ సూపర్‌మ్యాన్‌నే పిలిపించాలి. ఉత్తి బొమ్మగా కాదు, ఆదర్శ ఉద్యోగిగా. ఎందుకంటే ఉత్తర్వు ఎవరిని మనసులో పెట్టుకుని రాశారో రెండోసారి చదివితే తెలిసిపోయింది. విశ్రాంతితో కలిపి పన్నెండు గంటల దాకా పనిచోటే ఉండొచ్చు. మిగిలిన పన్నెండులో ఇల్లు చేరి, వండి, తిని, పిల్లల హోంవర్కు చూసి, నిద్రపోయి, లేచి మళ్ళీ బయల్దేరడం భూమ్మీద పుట్టినవాడి వల్ల అయ్యే పని కాదు. క్రిప్టాన్ గ్రహంవాడికైతే అవుతుంది. ఎగిరొస్తాడు, అమీర్‌పేట మెట్రోలో ఒంటికాలి మీద నిలబడే బాధ లేదు. తిండి లేకపోయినా నడుస్తుంది కనుక ఆ అరగంటా కంపెనీకే మిగులు. తుపాకీ గుండే దిగని ఒంటికి ఈఎస్ఐ కార్డు దండగ. ఆదివారం ఇంట్లో కూర్చుని భార్య ముఖం ఎంతసేపు చూస్తారని 2025 జనవరిలో ఒక పెద్ద కంపెనీ ఛైర్మన్ అడిగారే, ఆయన ఇతగాణ్ణి చూస్తే మురిసిపోతారు. ప్రియురాలు లోయిస్ లేన్‌తో 1938లోనే పరిచయమైనా, పెళ్ళికి తీరిక చిక్కింది 1996లో.

చిక్కల్లా ఒక్కటే. పగటిపూట అతను క్లార్క్ కెంట్ పేరుతో డైలీ ప్లానెట్‌లో విలేకరి. ఎక్కడో కేక వినిపిస్తే చాలు, చెప్పాపెట్టకుండా మాయం. మన బయోమెట్రిక్ పెడితే వారం తిరక్కుండా మెమో చేతికొస్తుంది. ఆపదలో ఉన్నవాణ్ణి కాపాడటానికి డ్యూటీ ఎగ్గొట్టే అలవాటు మాన్పించాకే చేర్చుకోవాలి.

ఇక పేజీ. మొదటి గడిలో గచ్చిబౌలి కాల్‌సెంటర్‌లో ఒకమ్మాయి తొమ్మిదో గంట దాటాక గోడ గడియారం వంక చూస్తుంది. రెండో గడిలో కిటికీ అద్దం బద్దలుకొట్టుకుని సూపర్‌మ్యాన్ దిగుతాడు (అద్దం డబ్బులు ఆమె జీతంలోంచే). ‘గడియారం కంపెనీది తల్లీ, చూడకూడదు’ అంటాడు. ఇంతలో ఇంటి నుంచి ఫోను, పిల్లాడికి జ్వరమని. ఆయన ఉఫ్ అని ఊది ఫోనును గడ్డకట్టించేస్తాడు. చివరి గడిలో అమ్మాయి నవ్వుతుంది. బొమ్మలో నవ్వుకు ఒక్క గీత చాలు.

ఇంతకీ ఇతగాణ్ణి పుట్టించినవాళ్ళ పని ఏమైంది? క్లీవ్‌లాండ్ కుర్రాళ్ళు జెర్రీ సీగెల్, జో షుస్టర్. 1938లో కంపెనీవాళ్ళు 130 డాలర్లిచ్చి వాళ్ళ దగ్గర హక్కులన్నీ రాయించుకున్నారు. 1947లో ఇద్దరూ కోర్టుకెక్కారు, 1948లో రాజీ అయింది, కథల మీద వాళ్ళ పేర్లు ఎగిరిపోయాయి. ఆ మరుసటేడే సూపర్‌మ్యాన్ లోకానికి బుద్ధులు చెప్పడం మొదలెట్టాడు! సీగెల్ గుమాస్తా పనిలో కుదురుకున్నాడు, షుస్టర్‌కు చూపు మందగించింది. 1975లో, సినిమా తీయబోతూ, పరువు పోతుందని ఏడాదికి 20,000 డాలర్ల పెన్షన్ పడేశారు. బ్యాట్‌మ్యాన్‌ను తీర్చిదిద్దిన బిల్ ఫింగర్ 1974లో పోయాడు. సృష్టికర్తల్లో అతని పేరు వేసింది 2015లో. 1960ల చివర్లో ఆరోగ్య బీమా అడిగిన పాత రచయితలకు పని దొరకడమే మానేసింది. యజమానికి బుద్ధి చెప్పే పేజీ మాత్రం ఒక్కటీ నా కంటపడలేదు.

వెటకారం ఇక చాలు. జూన్ 30 ఉదయం పాశమైలారంలో మందుల ఫ్యాక్టరీ పేలింది. 40 మందికి పైగా పోయారు. బీహార్ నుంచి, ఒడిశా నుంచి, ఉత్తరప్రదేశ్ నుంచి, మన ఊళ్ళ నుంచి పొట్టకూటికి వచ్చినవాళ్ళు. ఉదయం షిఫ్టుకు వేళకు హాజరైనవాళ్ళు. మంచి పని అలవాట్లున్నవాళ్ళు. ఏ శవం ఎవరిదో తేల్చడానికి డీఎన్ఏ పరీక్షలు చేయాల్సి వచ్చింది. ఆచూకీ తెలియనివాళ్ళ కోసం ఇంటివాళ్ళు ఇంకా ఎదురుచూస్తుండగానే, అయిదో రోజున, వ్యాపార సౌలభ్యం పేరుతో పది గంటల ఉత్తర్వు. అది వాణిజ్య సంస్థలకు, ఇది ఫ్యాక్టరీ, రెండూ వేర్వేరు చట్టాలని చెప్తారు. నిజమే, చట్టాలు వేరు. ఆ వారంలో మీకు గుర్తొచ్చింది పని గంటలు పెంచడమా అన్నదే నా ప్రశ్న.

కార్మిక శాఖవారూ, ఏ ఫ్యాక్టరీని ఎవరు ఏ తేదీన తనిఖీ చేశారో, ఏ లోపాలు రాశారో, వాటిని సరిచేశారో లేదో ప్రతి గేటు మీదా తెలుగులో, హిందీలో, ఒడియాలో రాయించండి. మా పని గంటల సంగతి ఆ తర్వాత మాట్లాడండి.