నేనొక పూర్ మనిషిని

నవ్వనంటే ఒక మాట చెబుతాను. నవ్వినా ఫరవాలేదు లెండి, మా ఇంట్లో అందరూ ఇప్పటికే నవ్వేశారు.

ముప్ఫై నాలుగేళ్లు బ్యాంకులో పనిచేశాను. హెడ్డాఫీసుకి ఇంగ్లీషులో ఉత్తరం పోవాలంటే మేనేజరంతటివాడు నా టేబుల్ దగ్గరికొచ్చి నిలబడేవాడు. రెన్ అండ్ మార్టిన్ వ్యాకరణం నాకు తలకింద దిండు. అంచేత, ఫ్రాన్సులో తులూజ్‌లో ఉన్న మా అమ్మాయి "వీసాలు వచ్చేశాయి నాన్నా, తొంభై రోజులు ఉండొచ్చు, బయల్దేరండి" అనగానే మా ఆవిడ ఆవకాయ ప్యాకింగులో పడింది, నేను ఫ్రెంచిలో పడ్డాను.

"ఇంగ్లీషు వచ్చినవాడికి ఫ్రెంచి ఎంతసేపు? నెల చాలు" అన్నాను.

ఆవిడ సీసా మూత బిగిస్తూ "ఊఁ" అంది. ఆ ఊఁకి అర్థం మీకు చెప్పక్కర్లేదు. మీ ఇంట్లోనూ వినబడుతూనే ఉంటుంది.

నా పద్ధతి లెడ్జరు పద్ధతి. పొడుగు పుస్తకం తీసి ఎడమవైపు ఇంగ్లీషు మాట, కుడివైపు ఫ్రెంచి మాట. 'ఫర్' అన్న చిన్న ముక్కకి ఎదురుగా 'పూర్' అని రాసి కింద గీత కొట్టాను. లెక్క టాలీ అయింది. ఎక్కడ 'ఫర్' కనబడితే అక్కడ 'పూర్' పెట్టడమే. ఇంత సులువైన భాషకి జనం వేలు పోసి క్లాసులకి ఎందుకు వెళ్తారో అనుకున్నాను కూడా.

తులూజ్‌లో దిగిన మూడోరోజే తొలి దెబ్బ. ఇంటి తాళాలు ఎక్కడో పెట్టి మరిచిపోయాను. ఇదీ మంచి అవకాశమేనని మా మనవరాలికి వినబడేలా "జె షెర్ష్ పూర్ మే క్లే" అన్నాను. అయామ్ లుకింగ్ ఫర్ మై కీస్ అని నా ఉద్దేశం. ఆరేళ్ల పిల్ల, పుట్టింది అక్కడే. సోఫాలో దొర్లి దొర్లి నవ్వింది.

"తాతా, పూర్ ఎందుకూ? జె షెర్ష్ మే క్లే. అంతే!"

'షెర్షే' అంటేనే వెతకడమట. లుకింగూ, ఫరూ రెండూ దాని కడుపులోనే ఉన్నాయట. వంటింట్లోంచి మా ఆవిడ "మనమూ 'తాళాలు వెతుకుతున్నా' అంటాం కదండీ. అందులో ఫర్ ఎక్కడుంది?" అంది. అని ఊరుకుందా? తాళాలు తెచ్చి చేతిలో పెట్టింది. నా పాత చొక్కా జేబులోనే ఉన్నాయట.

ఆ వారమంతా నా లెడ్జరుకి చిల్లులే. ఇల్లు 'ఫర్ సేల్' అన్న బోర్డు మీద పూర్ లేదు, 'ఆ వాంద్ర్' అని ఉంది. 'ఫర్ ఎగ్జాంపుల్' అంటే 'పార్ ఎగ్జాంప్ల్'. 'వర్డ్ ఫర్ వర్డ్', అంటే మన మక్కీకి మక్కీ, అక్కడ 'మో తా మో'. నేను చేస్తున్న పని పేరులో కూడా పూర్ లేదన్నమాట!

అసలు కథ పక్కింటి మదాంది. పెద్దావిడ. పెరటి గోడ దగ్గర రోజూ కనబడి నవ్వేది. సరిగ్గా మేం వచ్చి మూడు వారాలైన రోజున, "దెప్వీ కొంబియాం ద తాం..." అంటూ ఏదో అడిగింది. ఎన్నాళ్లుగా ఉంటున్నారు అని. ప్రశ్న అర్థమైనందుకే నాకు ఒళ్లు పులకరించింది. 'వియ్ హావ్ బీన్ హియర్ ఫర్ త్రీ వీక్స్' అని మనసులో ఇంగ్లీషు వాక్యం నిలబెట్టి, ఫర్ తీసి పూర్ పెట్టి, "ను సోమ్ ఇసీ పూర్ త్రువా సెమెన్" అని గట్టిగా చెప్పాను.

మదాం మొహం చిన్నబోయింది. నా చెయ్యి పట్టుకుని ఏదో మెత్తగా అంది. ఎంత చక్కటి ఫ్రెంచి అని మెచ్చుకుంటోందనుకుని తల వంచి స్వీకరించాను.

మర్నాడు పొద్దున్నే బెల్లు మోగింది. మదాం. చేతిలో వేడివేడి యాపిల్ తార్త్, కళ్లల్లో నీళ్లు. రెండు బుగ్గలకీ బుగ్గలు ఆనించి, ప్రయాణం క్షేమంగా సాగాలంది. నేను "మెర్సీ పూర్ లా తార్త్" అన్నాను. తొంభై రోజుల్లో నేను పెట్టిన పూర్ సరిగ్గా కూర్చున్నది అక్కడే. తప్పు పూర్‌తో సంపాదించిన తార్త్‌కి ఒప్పు పూర్‌తో కృతజ్ఞత!

మా అమ్మాయి విని నెత్తి కొట్టుకుంది. "నాన్నా, నువ్వు చెప్పింది 'మేం మూడు వారాలకని వచ్చాం' అని. వచ్చి మూడు వారాలైంది కాబట్టి వెళ్లిపోతున్నారనుకుందావిడ!"

నేను తార్త్ మీద చెయ్యి తియ్యకుండానే ఆలోచిస్తున్నాను. మా ఆవిడ చెప్పులు తొడుక్కుని గోడ దగ్గరికి వెళ్లింది. ఆవిడకి వచ్చిన ఫ్రెంచి మాటలు అన్నీ కలిపి ఇరవై ఉండవు. "నో, మదాం. ఇసీ దెప్వీ త్రువా సెమెన్. ఇసీ పూర్ త్రువా మువా" అంది. మూడు వారాలుగా ఉన్నాం, మూడు నెలలకని వచ్చాం. మదాం పకపకా నవ్వి ఆవిణ్ణి కావలించుకుంది.

నేను ఓటమిని గౌరవంగా కప్పిపుచ్చాలని చూశాను. మా ఆవిడ పుట్టిల్లు యానాం. 1954 దాకా ఫ్రెంచివాళ్ల ఏలుబడిలో ఉన్న ఊరు. "అదీ సంగతి! మీ తాతగారి ఫ్రెంచి రక్తంలో ఉంది నీకు" అన్నాను.

"తాతయ్య ఫ్రెంచి తాతయ్యతోనే పోయింది. నేను తెలుగులో అనుకుని చెప్పానండీ. మూడు వారాలుగా, మూడు నెలలకి. రెండూ ఒకటెలా అవుతాయి? అయినా దెప్వీ అని ఆవిడే అడిగింది కదా, అదే తిరిగి ఆవిడకిచ్చాను."

ఇక్కడ నేను కాసేపు మాట్లాడలేదు. ఆలోచిస్తే నిజమే. ఇంగ్లీషువాడు 'హావ్ బీన్' అని మెలికలు తిరుగుతాడు. మనం 'మూడు వారాలుగా ఉంటున్నాం' అంటాం, ఇప్పటి మాటగా. ఫ్రెంచివాడూ అంతే, దెప్వీ పెట్టి వర్తమానంలోనే చెబుతాడు. తులూజ్‌కి దగ్గరి దారి మా వంటింట్లోంచి ఉండగా, నేను లండన్ మీదుగా వెళ్లానన్నమాట.

ఆ రాత్రి మా ఆవిడ నాకు పాఠం చెప్పింది. "దెప్వీ అంటే దెప్పడం అని గుర్తుపెట్టుకోండి. పెళ్లయినప్పట్నుంచి దెప్పుతున్నా, ఇంకా నడుస్తూనే ఉంది. అది దెప్వీ. ఇక 'పాందాం' ఉంది చూశారూ, మీ అమ్మగారి పాన్‌దాన్ అనుకోండి. మూత తీశారు, వక్క నమిలారు, మూత పెట్టేశారు. మొదలూ అయింది, చివరా అయింది. 'మూడు నెలలపాటు ఉన్నాం' అన్నప్పుడు అది."

రెన్‌కీ మార్టిన్‌కీ తట్టని సూత్రం. లెడ్జరులో రాసుకున్నాను, ఆవిడ చూడకుండా.

నాకూ ఒకరోజు వచ్చింది. బస్టాపులో మా ఆవిడ మనవరాలితో "జతాం పూర్ ల బ్యూస్" అంది. బస్సు కోసం చూస్తున్నా అని. దొరికింది! తెలుగులో 'కోసం' ఉంది కానీ ఫ్రెంచిలో పూర్ రాదు, 'జతాం ల బ్యూస్' అంతే. నేను గొంతు సవరించుకుని, బస్సుకి వీపు పెట్టి, ఎదురుచూడడం అనే క్రియ గురించి వివరంగా చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విని "సరే, ఇక అనను" అంది. మళ్లీ అనలేదు కూడా. నేను ముగించేసరికి బస్సు వెళ్లిపోయింది. తర్వాతది ఇరవై నిమిషాలకి. ఆ ఇరవై నిమిషాలూ ఆవిడ ఒక్క ముక్క దెప్పలేదు. దెప్పితే బాగుండేది.

తొంభై రోజులూ అయిపోయాయి. ప్రయాణం నాడు, రాత్రంతా వల్లెవేసిన వాక్యంతో గోడ దగ్గరికి వెళ్లాను. "మదాం, ను జావోం అబితే ఇసీ పాందాం త్రువా మువా!" మూడు నెలలపాటు ఉన్నాం ఇక్కడ. పాన్‌దాన్ మూత టక్కుమని పడింది. మనవరాలు కూడా నవ్వలేదు.

మదాం "బ్రావో, మొస్యూ" అంది. ఓరకంట ఆవిడ చేతులవైపు చూశాను. తార్త్ లేదు. ఒకసారి సాగనంపిన మనిషికి మళ్లీ మళ్లీ ఎవరు వండుతారు చెప్పండి?

చిన్న జాం సీసా ఒకటి మాత్రం ఉంది, గుడ్డమూత కట్టి. నేను చెయ్యి చాచేలోపు అది నా భుజం మీదుగా వెనక్కి వెళ్లింది.

"పూర్ వూ, మదాం" అంది, మా ఆవిడకి అందిస్తూ.

ఆ పూర్ మాత్రం నాకు వెంటనే అర్థమైంది.