కుల్లాయి మామ

తిరుత్తణిలో వీధికొకరు, తిరువళ్ళూరులో సందుకొకరు ఉంటారు కుల్లాయి మామలు. కార్తీక దీపాలు కొండెక్కగానే వీళ్ళ తలలు మాయమైపోతాయి. కళ్ళజోడు, ముక్కు చివర, కాఫీ పోసుకునేంత నోరు. బయటికి కనిపించే మామ ఇంతే. తక్కినదంతా మంకీ కుల్లాయి.

అంత చలి ఎక్కడుందని అడక్కండి. ధనుర్మాసంలో తెల్లవారుజామున కూడా ఇక్కడ చాలా రోజులు 20 డిగ్రీల చుట్టుపక్కలే. కానీ మే నెలలో 40 దాటిన ఎండని మోసిన తల అది. దానికి ఇరవై అంటే హిమాలయమే. ఈ ఒక్క విషయంలో నేను మామ పక్షం. ఆయనకి ఇంకో మనాది కూడా ఉంది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణిని చిత్తూరు జిల్లాలోంచి తీసి మద్రాసు రాష్ట్రంలో కలిపారు. ఆ పంపకాల్లో హార్సిలీ కొండల చలి అటువైపే ఉండిపోయిందట. “ఊరిచ్చినోళ్ళు నాలుగు డిగ్రీలు చలి గూడా ఇచ్చుంటే ఏం పోయేది నైనా?” అంటాడు.

కుల్లాయి కొనడం చూడాలి. కూతురికి సంబంధం కూడా అంత విచారించి ఉండడు. స్టేషను దగ్గర ఊలు బట్టల బండి ముందు నిలబడి, ముందు పిడికిలి దూర్చి సాగదీస్తాడు. తర్వాత మోకాలికి తొడిగి చూస్తాడు. బండివాడు హిందీలో ధర చెబితే తమిళంలో బేరమాడి, తెలుగులో విసుక్కుంటాడు. చెవులు పూర్తిగా మూయాలి, కానీ టిఫిన్‌కి రమ్మని అత్త పిలిస్తే వినబడాలి. కళ్ళజోడు కాళ్ళకి దారి ఉండాలి. అసలు చిక్కు నుదుటి దగ్గర. తిరుత్తణి మామకి విభూతి చెరగకూడదు. తిరువళ్ళూరు మామ వీరరాఘవస్వామి మనిషి, నిలువు నామం నలుగురికీ కనబడాలి. ఒకే కుల్లాయిని నుదుటి మీదికి ఎంత దించాలన్న దగ్గర శైవం, వైష్ణవం విడిపోతాయి. ఆఖరికి రంగు. మెరూన్ ముచ్చటగా ఉందని అరగంట తిప్పి చూసి, మట్టి రంగుది కొంటాడు. మాసింది తెలియదని.

అమెరికాలో ఉన్న కొడుకు ఓసారి మంచి బీనీ పంపించాడు. బూడిద రంగు, మెత్తటి ఊలు, అంచున చిన్న తోలు ముక్క. మామ దాన్ని అటూ ఇటూ తిప్పి, “పాలగిన్నె మీద మూత మాదిరి ఉండాది. చెవులెవురు చూసుకోవాల?” అన్నాడు. పారెయ్యలేదు లెండి. దాన్ని లోపల పెట్టుకుని పైన మంకీ కుల్లాయి లాగాడు. సోకు లోపల, వెచ్చదనం బయట. ఆ ఏడాది ఆయన తల ఓ సైజు పెరిగిందని వీధిలో చెప్పుకున్నారు.

ఒంట్లో వేడి సగం తలలోంచే పోతుందని మామ సిద్ధాంతం. కాలేజీ చదివే మనవడు ఊరుకోడు. ఒంటి మొత్తంలో తల దాదాపు పదో వంతు, దాంట్లోంచి పోయే వేడీ ఇంచుమించు అంతేనని లెక్క చెప్పాడు. “ఆ పదో వంతే గదరా తక్కిన తొమ్మిదీ నడిపేది!” అన్నాడు మామ. 1854లో క్రిమియా యుద్ధంలో బలాక్లావా దగ్గర చలికి వణికిన ఇంగ్లీషు సిపాయిలకి ఇళ్ళ నుంచి అల్లి పంపించిన టోపీల వంశమే ఇదనీ, ఇప్పుడు ఫ్యాషన్ షోల్లో కుర్రాళ్ళు ఇదే తొడుక్కుని నడుస్తున్నారనీ కూడా వాడే చెప్పాడు. మామ ఆశ్చర్యపోలేదు. “ఇప్పటికి తెలిసొచ్చిందా వాళ్ళకి” అని ఊరుకున్నాడు.

కుల్లాయిని ఎవరైనా ఎగతాళి చేస్తే మామ సర్వేపల్లి రాధాకృష్ణన్‌ని సాక్ష్యానికి పిలుస్తాడు. 1888లో ఇదే తిరుత్తణిలో పుట్టిన మనిషి, ఆక్స్‌ఫర్డ్‌లో పాఠం చెప్పాడు, మాస్కోలో రాయబారిగా ఉన్నాడు, తల మీద గుడ్డ లేకుండా ఏ పటంలోనైనా చూశారా అని నిలదీస్తాడు. ఆ తెల్ల తలపాగాకీ, ఈ మట్టి రంగు ఊలు సంచికీ చుట్టరికం ఏమిటని అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

డిసెంబర్ 31 రాత్రి మామ తిరుత్తణి సుబ్రహ్మణ్యస్వామి కొండెక్కుతాడు. 365 మెట్లు, మెట్టు మెట్టుకీ కర్పూరం, భజనలు, తోపులాట. చొక్కాలు విప్పి భుజాన వేసుకుంటారు జనం. మామ ముక్కు మీంచి చెమట బొట్లు రాలుతుంటాయి. “తీసెయ్ మామా” అంటే వినడు. “చెమట మింద గాలి తగిలితే తలకి నీళ్ళు పట్టేస్తాది రా!”

మొన్న సంక్రాంతి వెళ్ళాక మొక్కు తీర్చుకోవడానికి సుబ్రహ్మణ్యస్వామి దగ్గర గుండు చేయించుకున్నాడు. గంధం ఆరాక కుల్లాయి పెట్టుకుంటే గడ్డం దాకా జారి కళ్ళు మూసుకుపోయాయి. చిన్న సైజు కావాలని మనవడి చెయ్యి పట్టుకుని బండి దగ్గరికి వెళ్ళాడు. ఊలు బట్టలు ఎప్పుడో మూట కట్టేశారు. అదే బండి మీద పుచ్చకాయలు కోస్తున్నారు. మామ గుండు మీద తువ్వాలు సర్దుకుని, ఒక ముక్క చేతిలోకి తీసుకుని, వేలితో తాకి చూసి అడిగాడు: “ఐసులో పెట్టింది కాదు గదా?”